ధనాన్నీ విగ్రహాలనూ నమ్ముకోవద్దన్న బైబిలు హెచ్చరికలతో మనల్ని మనం పరీక్షించుకోవడం ఎలా?

ధనాన్ని గురించిన హెచ్చరికలు ధనవంతులకనీ, విగ్రహాలను గురించిన హెచ్చరికలు విగ్రహాలకు మొక్కేవారికనీ అనుకొని చదివితే, బైబిలులోని ఈ రెండు రకాల మాటలూ మనల్ని తాకకుండా పక్కనుంచి వెళ్లిపోతాయి. పెద్దగా ఆస్తి లేని విశ్వాసి మొదటివి తనకు కావనుకుంటాడు, ఇంట్లో ప్రతిమ లేని విశ్వాసి రెండవవి తనకు కావనుకుంటాడు. లేఖనాలు మాత్రం ఈ రెండింటినీ ఒకే పాపానికి రెండు రూపాలుగా చూపిస్తాయి. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 5వ వచనంలో పౌలు "విగ్రహారాధనయైన ధనాపేక్ష" అని రెండింటినీ ఒక్క మాటలో కలిపేశాడు. మన దగ్గర ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. కష్టం వచ్చినప్పుడు మన ప్రాణం దేనిని ఆనుకొని నిలబడుతుందన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతుక్కోవాలనుకునేవారి కోసం, లేఖనాల ఆధారంగా ఎలా ముందుకు సాగాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఒక బైబిలు, ఒక నోటు పుస్తకం, తొందర లేని కొన్ని ఉదయాలు ఉంటే చాలు. ఒక్క కూర్చోవడంలో పూర్తిచేయాలని ప్రయత్నించవద్దు. ఇది సమాచారం సేకరించుకునే పని కాదు కాబట్టి, ఏ భాగం దగ్గర మనస్సు ఇబ్బంది పడితే ఆ భాగం దగ్గర ఆగిపోవడమే మేలు.

మొదటి మెట్టు: వాక్యభాగాలను విడివిడిగా కాక కలిపి చదవండి

ముందుగా ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం చదవండి. ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశంలో ఇంకా అడుగుపెట్టక ముందే, అరణ్యంలో మన్నా తిని బ్రతికిన ఆ ప్రజలతో మోషే పలికిన మాటలివి. కడుపునిండా తిని, మంచి ఇండ్లు కట్టుకొని, పశువులూ వెండి బంగారాలూ వృద్ధి అయినప్పుడు, ఈ భాగ్యమంతా మా బాహుబలంతో సంపాదించుకున్నదే అని అనుకుంటారేమో జాగ్రత్త అని హెచ్చరించాడు. భాగ్యాన్ని సంపాదించుకునే సామర్థ్యాన్ని ఇచ్చింది యెహోవాయేనని 18వ వచనం చెబుతుంది. ఆయనను మరచి ఇతర దేవతలను అనుసరిస్తే నశించిపోతారని వెంటనే 19వ వచనం చెబుతుంది. సమృద్ధి, మరపు, ఇతర దేవతలు అన్న ఈ క్రమాన్ని మీ పుస్తకంలో రాసుకోండి. మిగిలిన భాగాలన్నింటిలో ఇదే క్రమం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

దాని తరువాత ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో రాజులకు ఇచ్చిన ఆజ్ఞలను, 1 రాజులు 10, 11 అధ్యాయాలను పక్కపక్కన పెట్టుకొని చదవండి. రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించకూడదు, అనేకమంది స్త్రీలను వివాహం చేసుకోకూడదు, వెండి బంగారాలను అధికంగా పోగుచేసుకోకూడదు అని ఆజ్ఞ. సొలొమోను రాజుకు ఏటేటా వచ్చిన బంగారం 666 తలాంతులు (తలాంతు అంటే ఆనాటి పెద్ద తూకం) అనీ, 1400 రథాలు, 12,000 మంది రౌతులు ఉండేవారనీ 10వ అధ్యాయం వర్ణిస్తుంది. ఆ వర్ణనలో ఎక్కడా గద్దింపు వినిపించదు. అంతా వైభవంగానే కనిపిస్తుంది. అధ్యాయం మారగానే అదే రాజు యెరూషలేము ఎదుటనున్న కొండమీద అన్యజనుల దేవతలైన కెమోషుకూ మొలెకుకూ బలిపీఠాలు కట్టిస్తాడు. దేవుని మందిరాన్ని కట్టించి, జ్ఞానానికి పేరుగాంచిన మనిషి ఇంత దూరం ఎలా వెళ్లాడన్న ప్రశ్నకు జవాబు 10వ అధ్యాయపు వైభవంలోనే దాగి ఉందని నా అభిప్రాయం. భార్యలు అతని హృదయాన్ని తిప్పివేశారని గ్రంథం స్పష్టంగానే చెబుతుంది, అయితే మూడు ఆజ్ఞలూ ఒక్కచోటనే ఇవ్వబడ్డాయనీ, మూడింటినీ అతడు మీరాడనీ గమనించకుండా ఆ పతనం అర్థం కాదు.

యోబు 31వ అధ్యాయంలోని 24 నుండి 28 వచనాలను ప్రత్యేకంగా, నెమ్మదిగా చదవండి. తన జీవితాన్ని పరీక్షకు పెట్టుకుంటూ యోబు రెండు విషయాలను ఒకే ఊపిరిలో చెబుతాడు. బంగారాన్ని నా ఆధారం అనుకున్నానా, ఆస్తి గొప్పదైనందుకు సంతోషించానా అని ఒకటి. సూర్యుని ప్రకాశాన్నీ చంద్రుని కాంతినీ చూసి హృదయం రహస్యంగా మురిసి, చేతిని ముద్దుపెట్టుకొని మొక్కానా అని మరొకటి. రెండూ శిక్షకు తగిన నేరమేననీ, పైనున్న దేవుని ఎరుగనన్నట్టేననీ ఒకే తీర్పు ఇస్తాడు. తన ఆస్తినంతా పోగొట్టుకున్నాక కూడా దేవుని ముందు నిలబడి మాట్లాడగలిగిన మనిషి చెబుతున్నాడు కాబట్టి ఈ మాటలకు నా దృష్టిలో మరింత బరువుంది.

యెషయా 2వ అధ్యాయంలో దేశం వెండి బంగారాలతో నిండింది, గుర్రాలతో నిండింది, విగ్రహాలతో నిండింది అన్న వరుసను చూడండి. హోషేయ 2వ అధ్యాయం 8వ వచనంలో దేవుడు తానిచ్చిన వెండి బంగారాలనే జనులు బయలు అనే కనాను దేవతకు వాడారని బాధపడతాడు. ఐగుప్తీయుల దగ్గర నుండి తెచ్చుకున్న బంగారం ఉన్న ప్రజలే నిర్గమకాండము 32లో ఆ బంగారాన్ని దూడకోసం తీసి ఇచ్చారు, 35వ అధ్యాయంలో దేవుని ఆరాధనా స్థలమైన ప్రత్యక్ష గుడారంకోసం కానుకగా తెచ్చారు. లోహం అదే, తెచ్చిన చేతులూ అవే.

చివరగా 115వ కీర్తన. నోరుండీ పలకనివి, కన్నులుండీ చూడనివి అన్న మాటలు మనకు కంఠస్థమే, కానీ చాలామంది 8వ వచనం దగ్గర ఆగరు. వాటిని చేసేవారూ వాటిని నమ్మేవారూ వాటివంటివారే అవుతారని అక్కడ ఉంది. డబ్బును నమ్మిన మనిషి పక్కవాడి ఏడుపు వినలేకపోవడం, ఎదుటనున్న అవసరాన్ని చూడలేకపోవడం ఈ వచనం చెప్పిన శిక్షేనని గుర్తించండి. క్రీస్తు చెప్పిన కథలో, ధనవంతుని గుమ్మం దగ్గర పడి ఉన్న బీదవాడైన లాజరును ఆ ధనవంతుడు ఏమీ కొట్టలేదు, తిట్టలేదు. కన్నులుండీ చూడలేదు, అంతే.

రెండవ మెట్టు: నమ్మకం ఎక్కడుందో బయటపెట్టే ప్రశ్నలు వేసుకోండి

"నేను ధనాన్ని నమ్ముకున్నానా?" అని సూటిగా అడిగితే ఎవరి మనస్సైనా కాదనే చెబుతుంది. అందువల్ల లేఖనాల్లోని మనుషుల నోటి మాటలనే ప్రశ్నలుగా మార్చుకొని, జవాబులను రాయండి. రాతలో అబద్ధం చెప్పుకోవడం కాస్త కష్టం.

న్యాయాధిపతులు 17, 18 అధ్యాయాలలోని మీకాతో మొదలుపెట్టండి. అతడు తల్లి దగ్గర 1100 వెండి రూకలు దొంగిలించి, ఆమె శాపానికి భయపడి తిరిగి ఇచ్చాడు. ఆమె వాటిలో 200 రూకలను కంసాలికిచ్చి విగ్రహాన్ని చేయించింది, అది మీకా ఇంట ఉండింది. ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన దానీయులు వచ్చి వాటిని ఎత్తుకుపోతున్నప్పుడు అతడు వారి వెంటపడి, నేను చేయించుకున్న దేవతలను మీరు పట్టుకుపోతే నాకిక ఏం మిగిలింది అని అరిచాడు. ఇప్పుడు మీ ప్రశ్న ఇది: దేనిని ఎవరైనా తీసుకుపోతే నా నోటినుండి ఇదే కేక వస్తుంది? ఉద్యోగమా, బ్యాంకులో ఉన్న సొమ్మా, ఇల్లా, పిల్లల చదువు తెచ్చిపెట్టే గౌరవమా? పోగొట్టుకున్నప్పుడు దుఃఖపడటం పాపం కాదు, యోబు కూడా వస్త్రం చింపుకొని తల గొరిగించుకున్నాడు. కానీ అతడు ఆ దుఃఖంలోనే యెహోవా నామానికి స్తుతి చెప్పగలిగాడు, మీకాకు మాత్రం మిగిలిందేమీ లేదు.

లూకా 12వ అధ్యాయంలోని ధనవంతుని ఆలోచనను రెండవ ప్రశ్నగా తీసుకోండి. అతడు దొంగ కాదు, పొలం బాగా పండింది, కొట్లు చాలక పెద్దవి కట్టాలనుకున్నాడు. అతడు తనలో తాను చేసుకున్న ఆ సంభాషణలో దేవుడు గానీ, మరో మనిషి గానీ ఎక్కడా లేరు. నా పంట, నా కొట్లు, నా ప్రాణమా అని అంతా తనతోనే. మీరు ఇటీవల భవిష్యత్తుకోసం వేసుకున్న ప్రణాళికను ఒక కాగితం మీద రాసి, అందులో దేవుని చిత్తానికి, ఇతరుల అవసరానికి ఏ వాక్యమైనా చోటిచ్చిందా అని చూడండి. ఈ ఉపమానాన్ని క్రీస్తు ఎవరికి చెప్పాడో కూడా గమనించండి. పిత్రార్జితంలో తన భాగంకోసం న్యాయం అడగడానికి వచ్చిన మనిషికి జవాబుగా చెప్పాడు. అంటే మన హక్కు న్యాయమైనదే అయినప్పుడు కూడా లోభం దాని చాటున దాక్కోగలదు.

మూడవ ప్రశ్న యెషయా 46వ అధ్యాయం నుండి. బబులోను దేవతలైన బేలు, నెబో ప్రతిమలు పశువుల మీద బరువుగా మారాయి, వాటిని మోస్తున్న పశువులు సొమ్మసిల్లుతున్నాయి. అదే చోట దేవుడు తన ప్రజలతో, గర్భంలో పడినప్పటినుండి తల నెరిసే వరకు మిమ్మల్ని ఎత్తుకునేది నేనే అంటాడు. మీ సంపాదన మిమ్మల్ని మోస్తున్నదా, మీరే దానిని మోస్తున్నారా? రాత్రి నిద్ర పట్టని గంటలలో మీరు దేనికోసం లెక్కలు వేస్తున్నారో గుర్తుచేసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు తేలికగానే దొరుకుతుంది.

నాలుగవది ఆసియా మైనరులోని లవొదికయ పట్టణపు సంఘానికి వచ్చిన మాట. ఆ పట్టణం క్రీ.శ. 60లో భూకంపంతో దెబ్బతిన్నప్పుడు రోమా ప్రభుత్వ సహాయం లేకుండానే సొంత వనరులతో తిరిగి లేచిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ నేపథ్యంలో ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలోని "నాకేమియు కొదువలేదు" అన్న వారి మాటను చదివితే, అది గాలిలోనుండి వచ్చిన గర్వం కాదని తెలుస్తుంది. వారికి నిజంగానే ఎవరి అవసరమూ రాలేదు. ఏ కొరతా లేని కాలంలో మీ ప్రార్థన ఎలా ఉందో, కొరత వచ్చిన కాలంలో ఎలా ఉందో పోల్చి రాసుకోండి.

మూడవ మెట్టు: మంచివనుకున్న వాటిని కూడా పరీక్షకు తెండి

అరణ్యంలో పాము కాటుకు గురైన ప్రజలు బ్రతకడానికి దేవుని ఆజ్ఞ ప్రకారమే మోషే ఇత్తడి సర్పాన్ని చేశాడు. కొన్ని శతాబ్దాల తరువాత ప్రజలు దానికే ధూపం వేయసాగారు. దేవుడే చేయించిన వస్తువు, ప్రాణాలు కాపాడిన వస్తువు, చరిత్ర ఉన్న వస్తువు. అయినా రాజైన హిజ్కియా దానిని ముక్కలు చేయించాడని 2 రాజులు 18వ అధ్యాయం చెబుతుంది. మనకు మేలు చేసినదే మనకు దేవత కాగలదు. కష్టకాలంలో దేవుడిచ్చిన ఉద్యోగం, ఆయన అద్భుతంగా సమకూర్చిన స్థలం, సంఘంలో మనకు దొరికిన స్థానం, మనం చూపించుకునే సాక్ష్యం, ఇవన్నీ ఈ జాబితాలోకి వస్తాయి.

అదే హిజ్కియాను 2 రాజులు 20వ అధ్యాయంలో మళ్లీ చూడండి. బబులోను రాజు దూతలు వస్తే తన వెండి, బంగారం, సుగంధద్రవ్యాలు, ఆయుధశాల అన్నీ దాచకుండా చూపించాడు. అవన్నీ ఒకనాడు బబులోనుకు ఎత్తుకుపోబడతాయని యెషయా ప్రవక్త అప్పుడే చెప్పాడు. దేశంలోని విగ్రహాలను పగలగొట్టిన ధైర్యవంతుడే ఖజానా తలుపు దగ్గర తడబడ్డాడు. విగ్రహాలను విడిచి వచ్చామన్న ధీమాతో ఉన్న విశ్వాసులు ఈ అధ్యాయాన్ని తప్పక చదవాలని నేను గట్టిగా కోరుతున్నాను. తమ హృదయాలలో విగ్రహాలను నిలుపుకొని ప్రవక్త దగ్గరికి విచారణకు వచ్చిన పెద్దల సంగతి యెహెజ్కేలు 14వ అధ్యాయంలో ఉంది. వారు వచ్చి కూర్చున్నది దేవుని మాట వినడానికే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సున్నితమైన మనస్సున్నవారు ఈ దశలో ప్రతిదానినీ పాపంగా చూడటం మొదలుపెడతారు. దాచిపెట్టుకోవడం దానంతట అది అవిశ్వాసం కాదు. యోసేపు ఏడు సంవత్సరాలు ధాన్యం నిల్వచేయించి దేశాన్ని బ్రతికించాడు. స్వంత ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని త్యజించినవాడని పౌలు తిమోతికి రాశాడు. అదే పత్రిక 6వ అధ్యాయంలో ధనవంతులను ధనం విడిచిపెట్టమని కాక, అస్థిరమైన ధనంమీద నమ్మకం పెట్టుకోవద్దని ఆజ్ఞాపించమన్నాడు. మనం అనుభవించడానికి సమస్తాన్నీ ధారాళంగా ఇచ్చేది దేవుడేనని ఆ వచనంలోనే ఉంది.

నాలుగవ మెట్టు: గుర్తించినదానిని తీసివేయండి, అయితే న్యాయంతో మొదలుపెట్టండి

జవాబులు రాసుకొని కన్నీళ్లతో ప్రార్థించి ఊరుకుంటే పని సగంలో ఆగినట్టే. యాకోబు బేతేలుకు వెళ్లే ముందు తన ఇంటివారి దగ్గరున్న అన్యదేవతలను, చెవిపోగులను తీసుకొని షెకెము దగ్గర సింధూర వృక్షం కింద పాతిపెట్టాడు. ఎఫెసులో మాంత్రిక విద్య అభ్యసించినవారు తమ పుస్తకాలను అందరి ఎదుట కాల్చివేశారు. వాటి వెల 50,000 వెండి రూకలని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం లెక్క చెబుతుంది. అమ్మి ఆ సొమ్మును సంఘానికి ఇస్తే మంచిదే కదా అన్న ఆలోచన వారికి రాలేదో, వచ్చినా లొంగలేదో గానీ, తమను బంధించినదానిని మరొకరి చేతిలో పెట్టకుండా కాల్చేశారు.

డబ్బు విషయంలో తీసివేయడమంటే ఏమిటన్నది అందరికీ ఒకేలా ఉండదు. ధనవంతుడైన యువకునితో క్రీస్తు అన్నీ అమ్మి బీదలకిమ్మన్నాడు. పన్ను వసూలుదారుడైన జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానన్నప్పుడు మిగతా సగం సంగతి ఆయన అడగలేదు. ఒక్కొక్కరి బంధం ఎక్కడుందో ఆయనకు తెలుసు. కాబట్టి మరొకరి త్యాగాన్ని చూసి దానినే కొలతగా పెట్టుకోవద్దు, మీ త్యాగాన్ని మరొకరికి కొలతగా చూపవద్దు.

చేయవలసిన వరుస మాత్రం జక్కయ్య మాటల్లోనూ యాకోబు పత్రికలోనూ స్పష్టంగా ఉంది. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకున్నది ఉంటే తిరిగి ఇవ్వాలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. పనివారి కూలి బిగపట్టి ఉంచితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు 5వ అధ్యాయం చెబుతుంది. మీ ఇంట్లో, మీ పొలంలో, మీ వ్యాపారంలో పనిచేసినవారికి బాకీ ఉంటే ఏ కానుకకంటే ముందుగా దానిని చెల్లించండి. చేబదులు తీసుకొని మరచిపోయినట్టు నటిస్తున్నది ఉంటే దానినీ చెల్లించండి. బాకీ ఎగ్గొట్టి వేసిన కానుక చేత దేవుడు సంతోషిస్తాడని లేఖనాల్లో ఎక్కడా లేదు. ఆ తరువాతే బీదలకు ఇవ్వడం, అదీ మత్తయి 6వ అధ్యాయం చెప్పినట్టు కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియనంత రహస్యంగా. ఇచ్చినట్టు అందరికీ తెలిస్తే, డబ్బు అనే విగ్రహం స్థానంలో పేరు అనే విగ్రహం వచ్చి కూర్చుంటుంది.

ఐదవ మెట్టు: ఖాళీ అయిన చోట నమ్మకాన్ని నిలపండి

115వ కీర్తనలో విగ్రహాలను గురించిన మాటలు ముగియగానే, యెహోవాను నమ్ముకొనుడి అన్న పిలుపు మూడు సార్లు వినిపిస్తుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం కూడా ధనాపేక్ష లేనివారై ఉండుడి అని ఆజ్ఞ ఇచ్చి ఊరుకోదు, "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అని దేవుడు చెప్పిన మాటను దానికి కారణంగా చూపిస్తుంది. చేయి పట్టుకునేవారు ఉన్నారన్న భరోసా లేకుండా పట్టుకున్న కొమ్మను వదలమంటే ఎవరూ వదలలేరు. అందువల్ల ప్రతి ఉదయం ఈ వాగ్దానాన్ని, ఆ రోజు మిమ్మల్ని భయపెడుతున్న ఖర్చు పేరును పక్కపక్కన చెప్పుకొని ప్రార్థించండి.

ప్రార్థనకు మాటలు దొరకనివారికి సామెతలు 30వ అధ్యాయంలో ఆగూరు చేసిన మనవి ఉంది. పేదరికాన్నీ వద్దు, ఐశ్వర్యాన్నీ వద్దు, తగినంత ఆహారం ఇవ్వుమని అడిగాడు. ఎక్కువైతే యెహోవా ఎవరని అంటానేమో, తక్కువైతే దొంగిలించి ఆయన నామాన్ని దూషిస్తానేమో అని తన బలహీనతను ముందే ఒప్పుకున్నాడు. ఎక్కువ ఇవ్వవద్దని దేవుని అడగడం మనలో చాలామంది నాలుకకు అలవాటు లేని మనవి. ఒక వారం రోజులు నిజంగా అలా ప్రార్థించి చూడండి. నోరు తడబడిన చోటే మీ అసలైన నమ్మకం మీకు కనిపిస్తుంది.

ఇక్కడే మరొక ఉచ్చు ఉంది. దేవుని నమ్ముకుంటే ధనం వస్తుందని నేర్పే బోధలో, చివరికి నమ్ముకునేది ధనాన్నే. దేవుడు దానిని తెచ్చిపెట్టే పనివాడిగా మిగులుతాడు. దైవభక్తి లాభసాధనమనుకునేవారిని పౌలు 1 తిమోతి 6లో గద్దించాడు. డబ్బిచ్చి పరిశుద్ధాత్మ వరాన్ని కొనాలనుకున్న సీమోనును పేతురు గద్దించాడు. మీ కానుక వెనుక ఇంతకు ఇంత తిరిగి రావాలన్న ఆశ ఉంటే, దానిని కూడా మీ పుస్తకంలో రాసి దేవుని ఎదుట ఒప్పుకోండి.

ఈ పరీక్ష మీ సొంత హృదయానికే

ఈ వచనాలను ఇతరుల ఆరాధనను ఎగతాళి చేయడానికి వాడవద్దు. సగం కట్టెతో వంట వండుకొని మిగతా సగాన్ని దేవతగా చేసుకున్నవాని గురించి యెషయా 44లో ఉన్న తీవ్రమైన మాటలు ముందుగా వినవలసినది దేవుని సొంత ప్రజలే. ఎఫెసులో అర్తెమి దేవికి వెండి గుళ్లు చేసి జీవించే కంసాలి దేమేత్రి తన పనివారిని రెచ్చగొట్టినప్పుడు ముందుగా మాట్లాడింది దేవి మహిమ గురించి కాదు, ఈ పనివల్ల మనకు వచ్చే లాభం గురించి. అయినా ఆ అల్లరిని అణచిన పట్టణపు కరణం పౌలు అనుచరుల గురించి, వీరు మన దేవతను దూషించినవారు కారని సాక్ష్యమిచ్చాడు. ఎఫెసులో అంత మార్పు తెచ్చిన బోధ దూషణ లేకుండానే సాగిందన్నమాట.

ఎప్పుడు మళ్లీ చేయాలి?

జీతం పెరిగినప్పుడు, ఆస్తి అమ్మినప్పుడు లేదా కొన్నప్పుడు, పిత్రార్జితం పంచుకున్నప్పుడు రెండవ మెట్టులోని ప్రశ్నలకు కొత్తగా జవాబులు రాసి, పాతవాటితో పోల్చండి. "ధనము హెచ్చినను దానిని లక్ష్యపెట్టకుడి" అని 62వ కీర్తన హెచ్చినప్పటి సంగతినే ప్రత్యేకంగా చెబుతుంది. ఆదాయం తగ్గినప్పుడైతే హబక్కూకు గ్రంథాన్ని మొత్తంగా చదవండి, మూడే అధ్యాయాలు. 2వ అధ్యాయంలో చెక్కిన విగ్రహం వల్ల ప్రయోజనమేమిటని అడిగిన ప్రవక్తే 3వ అధ్యాయం చివర, అంజూరపు చెట్లు పూయకపోయినా, పొలాలు పంటకు రాకపోయినా, సాలలో పశువులు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానని పాడాడు. ఆ పాటలో లేనివాటి జాబితా ఉన్న చోట మీ దగ్గర ఇప్పుడు లేనివాటి పేర్లు పెట్టుకొని, ఇంటివారందరూ కలిసి గట్టిగా చదవండి.